పంతొమ్మిది కంప్యూటర్లు, మూడు వారాలు

వీధిలో అందరూ ఆమెను ల్యాబ్ మేడమ్ అనేవాళ్ళు. పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు అసిస్టెంటుగా ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. రిటైరై అయిదేళ్ళయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. సన్నటి మనిషి. కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ తింటూ రెండుసార్లు లేచి పక్క గదిలోకి తొంగిచూసి వచ్చి, మళ్ళీ కంచం ముందు కూర్చునేది. బజారుకు వెళ్తే సగం దారిలో ఏదో స్విచ్ ఆపానా లేదా అని అనుమానం వచ్చి వెనక్కి తిరిగేది.

ఆ పక్క గదిలోనూ, దాని పక్క గదిలోనూ, హాల్లో గోడ వెంబడీ ఉన్నవి పాత కంప్యూటర్లు. మొత్తం నలభై ఒకటి. పాలిపోయి పసుపెక్కిన డబ్బాలు, వీపు బయటికి పొడుచుకొచ్చిన మానిటర్లు, ఒక్కో మీటా రాయిలా తగిలే కీబోర్డులు. నలుపు తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఇంకేమీ చూపించలేనివి కొన్ని. విస్తరాకంత ఫ్లాపీ పెడితే తప్ప నిద్ర లేవనివి కొన్ని. వాడకపోతే వాటి లోపలి భాగాలు చచ్చుబడిపోతాయని, రోజుకు ఒకటో రెండో చొప్పున వంతులవారీగా అరగంటసేపు నడిపేది. ఒకటి ఆన్ చేస్తే ఇంకొకటి గుర్తొచ్చేది. ఒకదాని మూత విప్పితే పక్కదాని ఫ్యాను మూలిగేది. అన్నిటికీ పేర్లున్నాయి. హార్డు డిస్కు తిరిగినప్పుడల్లా గుర్రుమనేది గురకరాయుడు. ఆన్ చేసిన ప్రతిసారీ మెమరీని మొదటినుంచి చివరిదాకా లెక్కపెట్టి, ఏదో అనుమానం వచ్చినట్టు మళ్ళీ లెక్కపెట్టేది చాదస్తం.

ఈ పిచ్చి ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. కాలేజీకి కొత్త యంత్రాలు వచ్చిన ఏడు, ప్రిన్సిపాలు ఒక రిజిస్టరు ఆమె ముందు పెట్టాడు. పాతవి పన్నెండు. ఒక్కోదానికి ఎదురుగా "పనికిరాదు" అని రాసి సంతకం పెట్టాలి.

"సార్, ఇవన్నీ పనిచేస్తున్నాయి. పొద్దున్నే పిల్లలు వీటి మీద ప్రాక్టికల్సు చేశారు."

"పనిచేసేవాటిని పాత సామాను వాడికి ఇవ్వడానికి రూలు ఒప్పుకోదమ్మా. పెట్టేసేయండి."

పన్నెండుసార్లు పనికిరాదని రాసి, పన్నెండు సంతకాలు పెట్టింది. ఇంటికొచ్చి పడుకుంటే వీపు మంచానికి ఆనలేదు. బతికున్నవాళ్ళకు చచ్చిపోయారని సర్టిఫికెట్టు రాసిచ్చినట్టు అనిపించింది. మర్నాడు సెలవు పెట్టి, పాత ఇనుము కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. అప్పటికే ఏడింటిని రాగి తీగ కోసం ఒలిచేశారు. మిగిలిన అయిదూ బతిమాలి తెచ్చుకుంది. గురకరాయుడూ చాదస్తమూ ఆ అయిదులోవే.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. ఇల్లు మారేవాళ్ళూ, ఆఫీసు మూసేసేవాళ్ళూ, పిల్లి కూనల్ని వీధి చివర వదిలేసినట్టు, తెల్లవారేసరికి ఆమె గేటు దగ్గర ఒక కంప్యూటరు వదిలి వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె తిట్టుకుంటూ లోపలికి మోసుకొచ్చేది. తిట్టుకుంటూనే మూత విప్పేది. లోపల కారిపోయిన బ్యాటరీ మరకను వెనిగర్ అద్దిన దూదితో తుడుస్తూ, "ఎంతమంది చేతుల్లో పడ్డావే, ఒక్కళ్ళయినా దీని సంగతి చూశారా?" అని దాన్నే అడిగేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలు వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. పెళ్ళి చేసుకోలేదు. రెండొందల మంది పిల్లల్ని కనుసైగతో నడిపించిన మనిషి.

"అక్కా, పడ్డాను."

"ఎక్కడే?"

"హాస్టలు మెట్ల మీద. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇనుము పెట్టారు. ఇప్పుడు నా ఒంట్లోనూ నీ స్క్రూలున్నాయి."

ల్యాబ్ మేడమ్ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "బయల్దేరుతున్నా."

"వచ్చి ఏం చేస్తావ్? నర్సులున్నారు ఇక్కడ. మూడు వారాల్లో పంపించేస్తారు. రిటైర్మెంటు ఎలాగూ వచ్చేసింది, హాస్టల్లో గది ఖాళీ చేయాలి." గొంతు తగ్గించి అడిగింది. "నీ దగ్గరికి రానా?"

"అడగడమేమిటే? రా."

"చోటెక్కడ? పోయినసారి వచ్చినప్పుడు రెండు మానిటర్ల సందులో పడుకోబెట్టావు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే మొహం మీద మౌసు వేలాడుతోంది. నాకో గది కావాలి, కిటికీ ఉన్నది. వాకరు పట్టుకుని తిరగడానికి నేల కనపడాలి."

కిటికీ ఉన్న గదిలో పంతొమ్మిది ఉన్నాయి. ఫోన్ పెట్టేసి ల్యాబ్ మేడమ్ ఆ గది గుమ్మంలో నిలబడింది. హాల్లో ఇక చీపురు పట్టే జాగా కూడా లేదు. చెల్లెలు కావాలా అంటే కావాలి. ఇవి వద్దా అంటే నోరు రాలేదు. వీటిని పారేయడం కాదు, వీటికి ఇళ్ళు చూడాలి అనుకుంది. అనుకున్న క్షణం నుంచీ ఆమెకు నిద్ర పట్టలేదు.

కాలేజీలో తెలిసినవాళ్ళకు చెప్పింది, వీధి మలుపులో జిరాక్సు షాపు గోడకు కాగితం అంటించింది. జనం రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళను ఊరికే పంపేది కాదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఎక్కడ పెడతారు, ఎండ పడుతుందా, ఇంట్లో నీళ్ళు కారే గోడ ఉందా, ఎవరు నడుపుతారు అని ఆరా తీసేది. గదికి అందంగా ఉంటుందని భార్యాభర్తలిద్దరు వచ్చారు. లోపలిది తీసేసి చేపల తొట్టి చేయిస్తామని భార్య నోరు జారింది. ల్యాబ్ మేడమ్ లేచి నిలబడి, "చేపలకైతే చేపల కొట్టుకే వెళ్ళండమ్మా" అని తలుపు దాకా సాగనంపింది.

మంచివాళ్ళూ దొరికారు. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ ఆకుపచ్చ అక్షరాల దాన్ని తీసుకుంది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుని టకటకా ఒక పేజీ కొట్టేసింది. "ఇన్నాళ్ళకు వేలికి దెబ్బ తగిలింది. ఇప్పటి కీబోర్డులు బన్నుముక్క నొక్కినట్టుంటాయి" అంది. పంటి డాక్టరొకాయన, వచ్చే పిల్లలు ఏడవకుండా పాత ఆటలు ఆడుకుంటారని ఇంకొకటి తీసుకున్నాడు.

చేరవేసేది ట్రాలీ ఆటో నడిపే అతను. ఆమె సామానుకు అతనే అలవాటు. బుగ్గ మీసాలు, యాభై దాటిన మనిషి. ప్రతి ప్రయాణంలోనూ ఆమె వెనకాల ఎక్కి, కంప్యూటరును పట్టుకుని కూర్చునేది.

"మేడమ్, బీరువాలు మోశాను, ఒకసారి పియానో మోశాను. దేని యజమానీ ఇలా వెనకెక్కి దాని వీపు నిమరలేదు."

"గోతుల్లోంచి పోనీకు. మాటలు తర్వాత."

దింపి రావడంతో అయిపోతే బాగుండేది. ఇంటికొచ్చిన గంటకే ఆమె వేళ్ళు ఫోన్ మీదికి వెళ్ళేవి. బాగుందా? ఆన్ అయిందా? వాసనేమైనా వచ్చిందా? మర్నాడు మళ్ళీ. మూడో రోజు పంటి డాక్టరు దగ్గరుండే రిసెప్షన్ అమ్మాయి, "మేడమ్, నిన్న సాయంత్రమే కదా చేశారు" అని మర్యాదగానే విసుక్కుంది. ఇక ఫోన్ చేయడానికి మొహం చెల్లక, పన్ను నొప్పి అని అబద్ధమాడి అపాయింట్‌మెంటు తీసుకుంది. వెయిటింగ్ రూములో అరగంట కూర్చుని, ఒక పిల్ల ఆ కీబోర్డు మీద బాణం గుర్తులు నొక్కుతుంటే గుడ్లప్పగించి చూసింది. తర్వాత డాక్టరు ఆమె నోట్లోకి లైటు వేసి, "నొప్పి ఎప్పట్నుంచమ్మా? రెండు పళ్ళు పుచ్చిపోయాయి" అన్నాడు. అబద్ధానికి వెళ్ళిన మనిషి ఒక పన్ను పీకించుకుని, మూతి వాచి తిరిగొచ్చింది.

రెండు వారాలు గడిచేసరికి పదమూడు వెళ్ళాయి. కిటికీ గదిలో ఇంకా ఆరు. ఆ ఆరూ ఆమె మనసు ఒప్పక వెనక్కి నెట్టుకొచ్చినవి.

అప్పుడు వచ్చింది సినిమా అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయి, జీన్సు మోకాళ్ళకు పెయింటు మరకలు, చెవి వెనక పెన్సిలు. ఒక సినిమాకు ఆర్ట్ అసిస్టెంటునని చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కిందటి ఆఫీసు సెట్టు వేస్తున్నారట. బొమ్మ కంప్యూటర్లు కాదు, నిజంగా వెలిగేవి కావాలి. వారం రోజులు షూటింగు, ఆ తర్వాత తమ గోడౌన్లో జాగ్రత్తగా ఉంటాయి.

"ఎలా ఆన్ చేయాలో నేర్పిస్తారా?" అని అడిగింది ఆ అమ్మాయి. ఇన్నాళ్ళలో ఆ మాట ముందుగా అడిగింది ఆమె ఒక్కతే. పుస్తకం తీసి, ల్యాబ్ మేడమ్ చెప్పిందల్లా బొమ్మలు గీసుకుని మరీ రాసుకుంది. గురకరాయుడు గుర్రుమనగానే నవ్వింది. ఆ నవ్వుకు ల్యాబ్ మేడమ్ పడిపోయింది. ఆరింటినీ ఇచ్చేసింది. చెల్లెలు రావడానికి నాలుగు రోజులుంది. గది కడిగి, మంచం వేయించి, కిటికీకి కొత్త తెర కట్టింది. కట్టి, ఆ ఖాళీ గదిలో నుంచోలేక బయటికొచ్చేసింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ట్రాలీ అతను గేటు ముందు ఆపి, దిగకుండానే పిలిచాడు.

"మేడమ్, ఒక మాట. చెప్పాలో వద్దో అని ఆలోచిస్తూ వచ్చాను."

"ఏమైంది?"

"నిన్న అవి దింపాక టీ ఇచ్చారు. పక్కన ఫైటింగువాళ్ళు మాట్లాడుకుంటున్నారు. హీరోకు కోపమొచ్చి ఇనుప రాడ్డుతో ఆఫీసంతా బద్దలు కొడతాడట. ఇవాళ మధ్యాహ్నమే."

ల్యాబ్ మేడమ్ లోపలికెళ్ళి పనిముట్ల సంచీ తెచ్చుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా సీటు అంచు మీదే కూర్చుంది. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా, "ఇంకోదారి లేదా?" అని అడిగింది. అయిదోసారికి అతను, "మేడమ్, మీరు దిగి నెడితే ఏమైనా తొందరగా వెళ్తుందేమో" అన్నాడు.

ఊరి చివర మూతపడ్డ గిడ్డంగిలో సెట్టు. తలుపు దగ్గర ఆపబోయిన మనిషిని చూడకుండానే దాటేసింది. లోపల అడుగు పెట్టాక మాత్రం ఆగిపోయింది. రెండు వరుసల బల్లలు, ఆరు బల్లల మీద ఆరు కంప్యూటర్లు. అన్నీ వెలుగుతున్నాయి. పొద్దున తొమ్మిదింటికి పిల్లలు రాకముందు ల్యాబు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. ఆరూ కలిసి ఒకేసారి నడవడం చూసి ఆమెకు ఎన్నేళ్ళయిందో. ఆ సంతోషం గుటకేసేలోపే, బల్ల కింద ఆనించిన ఇనుప రాడ్డు కనిపించింది.

సినిమా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, మీ ఒట్టు, నాకు తెలీదు. సీను నిన్ననే మార్చారట. పొద్దున్నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఆరూ కాదు, రెండే అంటున్నారు."

"ఏ రెండు?"

ఆ అమ్మాయి ముందు వరుస వైపు చూసింది. గురకరాయుడు, చాదస్తం.

దర్శకుడు దూరంగా కెమెరా దగ్గర ఎవరితోనో వాదిస్తున్నాడు. ఫైటు మాస్టారు మాత్రం దగ్గరికొచ్చాడు. గడ్డం కింద పాత కుట్లున్న పెద్దమనిషి. "పాతవే కదమ్మా, ఏం కావాలంటే అది ఇప్పిస్తాం" అన్నాడు.

ల్యాబ్ మేడమ్ బల్ల కింది రాడ్డు వైపు వేలు చూపించింది. "రాడ్డు పట్టుకునేది ఎవరు?"

"మా హీరోనే. డూపు లేదు."

"ఈ తెర వెనక ఉన్నది మామూలు అద్దం కాదండీ. గాలి తీసేసిన గాజు బుడ్డి. రాడ్డుతో కొడితే లోపలికి పేలి, ముక్కలన్నీ ఎదురుగా మొహానికొస్తాయి. ప్లగ్గు పీకేసినా కరెంటు ఇంకా లోపలే దాక్కుని ఉంటుంది. మీవాళ్ళకు ఎవరైనా ఈ సంగతి చెప్పారా?"

ఫైటు మాస్టారు తన గడ్డం కింద కుట్లు తడుముకున్నాడు. దర్శకుణ్ణి పేరు పెట్టి కేకేశాడు. అక్కడ కాసేపు పెద్ద గొంతులు లేచాయి. వాయిదా వేయడం కుదరదన్నాడు దర్శకుడు. నా మనిషి కళ్ళకు నువ్వు పూచీనా అన్నాడు మాస్టారు. ల్యాబ్ మేడమ్ గురకరాయుడి మూత మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ రెండింటినీ ఎత్తుకుని పారిపోదామా అని కూడా అనుకుంది. ఎత్తితే ఒక్కటే ఎత్తగలదు. ఏది?

చివరికి ఆమే అంది. "రెండు గంటలివ్వండి. లోపలిదంతా నేను తీసేస్తాను. మీకు ఉత్త డొల్ల ఇస్తాను. అది కొట్టుకోండి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని అర్థం ఆమెకు తెలిసింది. పై తొడుగు పోతుంది. ఆ రంగూ, మూల మీద కాలేజీ నంబరు వేసిన తెల్ల పెయింటూ, పిల్లల వేళ్ళు రాసి నున్నబడ్డ అంచులూ పోతాయి. తన చేత్తోనే అప్పగిస్తోంది.

రెండిటి ప్లగ్గులూ పీకించి, రబ్బరు గ్లవ్సు తొడుక్కుంది. ముందు తెరల్లోని కరెంటును తీగ కట్టిన స్క్రూడ్రైవరుతో నేలకు దింపింది. టప్‌మని చిన్న చప్పుడు వచ్చేసరికి చుట్టూ మూగినవాళ్ళంతా ఒకడుగు వెనక్కేశారు. ఒక్కో స్క్రూ విప్పి, సినిమా అమ్మాయి అరచేతిలో పెట్టింది. గాజు బుడ్డిని పసిబిడ్డలా రెండు చేతులతో బయటికి తీసింది. తర్వాత బోర్డు, డిస్కు, ఫ్యాను. మూడు వారాలుగా ఒక్కచోట ఆగని ఆ చేతులు ఆ రెండు గంటలూ ఎక్కడా తడబడలేదు. ఆ అమ్మాయి తెరల చోట పల్చటి ప్లాస్టిక్కు బిగించి, వెనక ఆకుపచ్చ బల్బు పెట్టింది.

"రెడీ" అన్న కేక వినపడగానే ల్యాబ్ మేడమ్ బయటికెళ్ళిపోయింది. గిడ్డంగి గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగింది. మొదటి దెబ్బ వినిపించింది. రెండోది వినిపించింది. చెవులు మూసుకోవాలనుకుంది కానీ మూసుకోలేదు. ట్రాలీ అతను ఆ చప్పుడు ఆమెకు వినపడకుండా చేద్దామని ఆటో హారన్ మీద చెయ్యి వేసి, ఎందుకో నొక్కకుండా తీసేశాడు.

ఆ సాయంత్రం రెండు అట్టపెట్టెల్లో లోపలి సామాను సర్దుకుని ఇంటికొచ్చింది. ఒక చెక్క పలక మీద బోర్డును బిగించి, తీగలు కలిపి, స్విచ్ వేసింది. తొడుగు లేని గురకరాయుడు గుర్రుమన్నాడు. చాదస్తం మటుకు ఎంత చేసినా లేవలేదు. దారిలో గోతికి ఏదో విరిగి ఉంటుంది. తన చేతిలోనే ఏదో జారిందేమోనని ఆమె ఆ బోర్డును భూతద్దం కింద పెట్టి మూడు రోజులు వెతికింది. దొరకలేదు.

నాలుగో రోజు చెల్లెలు వచ్చింది. వాకరు పట్టుకుని గుమ్మంలో ఆగి, గది నలుమూలలా వార్డెన్ చూపు చూసింది. "నేల ఉంది మీ ఇంట్లో. ఇన్నాళ్ళూ అనుమానంగా ఉండేది" అంది. మంచం మీద చేరగిలబడ్డాక, అక్క పది నిమిషాల్లో నాలుగుసార్లు ఫోన్ తీయడం, పెట్టేయడం గమనించింది.

"ఎవరికక్కా?"

ల్యాబ్ మేడమ్ అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ గదిలో తిరుగుతూనే ఉంది. పదమూడు ఇళ్ళు, పంటి డాక్టరు, రాడ్డు, లేవని చాదస్తం.

"కొత్తగా చేరిన పిల్లల అమ్మలు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేవాళ్ళు" అంది చెల్లెలు. "ఆ పిల్ల అప్పటిదాకా ఆడుకుంటూనే ఉండేది. ఫోన్ వచ్చాకే ఏడుపు. అందుకే ఆదివారం పదింటికి మాత్రమే అని బోర్డు పెట్టించాను."

"తిట్టలేదూ వాళ్ళు?"

"నోటికొచ్చినట్టు తిట్టారు. ఇలా ఇవ్వు ఆ ఫోను."

"నాకూ బోర్డు పెడతావా?"

"నీకు బోర్డు చాలదు. తలగడ కింద పెట్టుకుంటా."

అలా ఫోను తలగడ కిందికి పోయింది. మొదటి రెండు రోజులూ ల్యాబ్ మేడమ్ ముళ్ళ మీద ఉన్నట్టు ఉంది. మూడో రోజు చెల్లెలు నిద్రపోతుంటే దొంగతనంగా తీయబోయి, కళ్ళు తెరవకుండానే, "ఇవాళ గురువారం" అన్న మాట విని చెయ్యి వెనక్కి లాక్కుంది. సెట్టులో మిగిలిన నాలుగు కంప్యూటర్లలో మూడింటిని ఆ వారంలో సినిమా అమ్మాయి తనే తెచ్చి ఇచ్చింది. గోడౌన్ మీద నమ్మకం పోయిందని, నాలుగోది తన గదిలో పెట్టుకుంటానని అడిగింది. ల్యాబ్ మేడమ్ ఆమెనూ స్టూలు మీద కూర్చోబెట్టింది. ఎండ పడుతుందా, గోడ చెమ్మగా ఉందా అని అందరినీ అడిగినట్టే అడిగి, ఒప్పుకుంది. వచ్చిన మూడూ వంటగది గూట్లోకి ఎక్కాయి. చెల్లెలు వాటిని చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

ఆదివారం పదింటికి చెల్లెలు ఫోను తీసి ఇచ్చింది. మొదట పంటి డాక్టరు. బాగానే ఉందట, పుచ్చిన రెండో పంటికి ఎప్పుడొస్తారని ఆయనే అడిగాడు. తర్వాత టైపిస్టు పెద్దావిడ. మోగింది, మోగింది, తీయలేదు. మళ్ళీ చేసింది. తీయలేదు. ల్యాబ్ మేడమ్‌కు కాళ్ళు ఆగలేదు. కాలిపోయిందేమో, ఆవిడకే ఏమైనా అయిందేమో అని గదంతా కలియదిరిగింది.

"ఇంకోసారి చేయి, లేకపోతే నువ్వు నా వాకరు కూడా లాక్కునేలా ఉన్నావు" అంది చెల్లెలు.

చేసేలోపు అటునుంచే వచ్చింది.

"ఎవరమ్మా? ఓ, మీరా. టైపు చేస్తున్నాను, చప్పుడులో వినపడలేదు. ఏదైనా పనుందా?"

పనేమీ లేదు. ల్యాబ్ మేడమ్ నోరు తెరిచి, అడగాలనుకున్నవన్నీ వెతుక్కుంది. అవతల పెద్దావిడ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో కీబోర్డు మీద ఏదో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏం లేదండీ. రాసుకోండి" అంది.

ఫోన్ పెట్టేసి మంచం చివర కూర్చుంది. పాదం ఇంకా ఆడుతూనే ఉంది. చెల్లెలు ఆ పాదం వైపు చూసి, జాబితాలో తర్వాతి నంబరు ఎవరిదని అడిగింది.